దాత వెళ్లాక దానం ఎవరి చేతిలో?
విజయనగరం పి.వి.జి. రాజు వారసత్వంపై ఒక పరిశీలన

నయా రాయపూర్: ఛత్తీస్‌గఢ్ శాసనసభ నూతన భవనాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2025 నవంబరు 1న ఇక్కడ ప్రారంభించారు. దీనితో రాష్ట్రం ఏర్పడిన పాతికేళ్లకు దాని పాలనా యంత్రాంగంలోని ప్రధాన అంగాలన్నీ సొంత కప్పు కిందకు చేరినట్లయింది. 2000 నవంబరు 1న రాష్ట్రం పుట్టినప్పుడు రాజధానిగా ప్రకటించిన రాయపూర్‌లో శాసనసభకు చోటు లేదు, సచివాలయానికి భవనం లేదు. శాసనసభ తొలి సమావేశం ఆ ఏడాది డిసెంబరులో రాజకుమార్ కళాశాల ఆవరణలోని జశ్‌పూర్ హాలులో జరిగింది. ఒకప్పుడు సంస్థానాధీశుల కుమారుల చదువు కోసం నెలకొల్పిన కళాశాల అది. సచివాలయమేమో ఒక ఆసుపత్రి భవనంలో కొలువుదీరింది. 2012 నవంబరులో నయా రాయపూర్‌లోని కొత్త భవనానికి మారేవరకు, అంటే పన్నెండేళ్లపాటు, మంత్రులూ కార్యదర్శులూ రోగుల కోసం కట్టిన గదులలోనే దస్త్రాలు చూశారు.

ఆ ఆసుపత్రి పేరు దావూ కల్యాణ్ సింగ్ ఆసుపత్రి. భాటాపారా సమీపంలోని తరేంగా గ్రామానికి చెందిన మాల్గుజారు ఆయన. మన ప్రాంతపు జమీందారు వంటి హోదా అది. స్వాతంత్ర్యానికి పూర్వం రాయపూర్‌లో ఆసుపత్రి కోసం ధనం ఇచ్చారు. ఇప్పుడు ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న లభాండీ భూములు కూడా ఆయన దానమే. దాత ఉద్దేశించినది వైద్యం. కొత్త రాష్ట్రానికి అవసరమైనది కార్యాలయం. ప్రభుత్వం తన అవసరానికే మొగ్గు చూపింది. సచివాలయం తరలిపోయిన ఆరేళ్లకు, 2018లో, అదే చోట అదే పేరుతో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమైంది. ధర్మాసుపత్రి కోసం ఇచ్చిన ఆస్తి మళ్లీ వైద్యానికి దక్కింది. అయితే మధ్యలో గడచిన కాలానికి సమాధానం చెప్పవలసినవారు ఎవరూ లేరు. దాత జీవించి లేడు. ప్రభుత్వాన్ని నిలదీసే ధర్మకర్తలూ కనిపించరు.

దానం ఇచ్చినవాడు వెళ్లిపోయాక ఆ ఆస్తికి యజమాని ఎవరు అన్న ఈ ప్రశ్న తెలుగు పాఠకులకు కొత్తది కాదు. రాయపూర్‌లో రైలెక్కి మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా ప్రయాణిస్తే ఆ మార్గం చివర వచ్చే ఊరు విజయనగరం. విశాఖపట్టణం రేవుకు మధ్య పరగణాల సరకును చేరవేయడానికి 1931లో పూర్తయిన మార్గమిది. ఇక్కడి ప్రశ్నే ఆ చివర ఇంకా పెద్ద ఆస్తిపై, ఇంకా పెద్ద పేరుపై, కోర్టుల వరకు వెళ్లి నిలిచి ఉన్నది. అక్కడి దాత కేవలం దాత కూడా కాదు. శాసనసభలో కూర్చున్నవాడు, రాష్ట్రంలో విద్యాశాఖను నడిపినవాడు. పూసపాటి విజయరామ గజపతిరాజు, అంటే పి.వి.జి. రాజు.

సోషలిస్టు రాజు

1924 మే 1న జన్మించి 1995 నవంబరు 14న మరణించిన పి.వి.జి. రాజు జీవితం రెండు యుగాలకు మధ్య నిలిచినది. తండ్రి అలక్ నారాయణ గజపతి. పినతండ్రి విజయానంద గజపతి, క్రికెట్ లోకానికి ‘విజ్జీ’. 1936లో భారత జట్టుకు ఇంగ్లండులో నాయకత్వం వహించి, ఆ ఏడాదే ‘సర్’ బిరుదు పొంది, 1947లో దానిని వదులుకున్నవాడు. ఉత్తర సర్కారులలోకెల్లా పెద్ద జమీందారీగా పేరుపడిన విజయనగరం వంశంలో దాతృత్వం అప్పటికే ఒక ఆనవాయితీ. 1857లో చిన్న పాఠశాలగా మొదలైన విద్యాసంస్థ 1879 నాటికి మహారాజా కళాశాల అయింది. 1860లో సంస్కృత పాఠశాల వెలసింది. 1919లో ప్రారంభమైన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. మాక్స్ ముల్లర్ ఋగ్వేద భాష్యం రెండవ ముద్రణ వ్యయాన్ని భరించినది ఆనంద గజపతి. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ తొలి కూర్పును అంకితం పొందినదీ ఆయనే.

కాని ఆ దానాలు ప్రభువు ప్రజలకు చేసినవి. శిస్తు రూపంలో రైతు నుంచి వచ్చిన సొమ్ములో కొంత విద్యగా, వైద్యంగా తిరిగి ఊరికి చేరేది. ఎంత తిరిగిరావాలో నిర్ణయించే అధికారం ప్రభువుదే. దీనిని మరచి సంస్థానాల దాతృత్వాన్ని కీర్తించడం ఈనాటికీ మనలో ఒక అలవాటుగా ఉన్నది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం ఈ ఏర్పాటుకు తెర దించింది. శిస్తు వసూలు హక్కు పోయింది. సొంత సేద్యపు భూములు, కోటలు, భవనాలు మిగిలాయి. జమీందారులలో కొందరు మిగిలినదానిని అమ్ముకుని నగరాలకు చేరారు, కొందరు పరిశ్రమలు పెట్టారు, మరికొందరు వ్యాజ్యాలలో కాలం గడిపారు.

పి.వి.జి. రాజు ఎంచుకున్న మార్గం వేరు. ఆయన సోషలిస్టు పక్షంలో చేరారు. జమీందారులు రాజకీయాలలోకి రావడం అప్పటికి విశేషం కాదు. పొరుగు సంస్థానమైన బొబ్బిలి రాజా 1930వ దశకంలో జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రి అయ్యారు, 1937లో వి.వి. గిరి చేతిలో సొంత గడ్డమీదే ఓడిపోయారు. విశేషమేమిటంటే, భూస్వామ్యాన్ని రద్దు చేయాలన్న పక్షాన ఒక మహారాజు నిలబడటం. 1957లో విశాఖపట్టణం నుంచి సోషలిస్టు అభ్యర్థిగా ఆయన లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1962లో అదే స్థానం నుంచి పినతండ్రి విజ్జీ కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. ఒకే ఇంటి రెండు తరాలు ఒకే నియోజకవర్గం నుంచి రెండు భిన్న పక్షాల తరఫున ఢిల్లీకి వెళ్లడం చూస్తే, ఆ ప్రాంతపు ఓటరు పక్షం కంటే వంశానికే విలువ ఇచ్చాడన్న విమర్శ కొట్టివేయదగినది కాదు.

తరువాత ఆయన కూడా కాంగ్రెస్‌లో చేరారు. 1960వ దశకంలో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో విద్య, ఆరోగ్య శాఖలను చూశారు. 1971లో కాంగ్రెస్ అభ్యర్థిగా మళ్లీ విశాఖ నుంచి లోక్‌సభకు వెళ్లారు. సోషలిస్టు నాయకుడు అధికార పక్షంలో చేరడాన్ని ఆనాటి సహచరులు ఎలా చూసి ఉంటారో ఊహించవచ్చు. దేశమంతటా సోషలిస్టులు చీలికలు పేలికలై, కాంగ్రెస్ గూటికి ఒక్కొక్కరే చేరుతున్న రోజులవి. ఈ ఒక్కరినే వేలెత్తి చూపడం న్యాయం కాదు.

ఇదే కాలంలో, రాయపూర్‌కు దక్షిణాన, మరొక రాజు కథ మరోలా ముగిసింది. బస్తర్ మహారాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ 1957లో శాసనసభకు ఎన్నికయ్యారు. గిరిజనుల భూముల ప్రశ్నపై ప్రభుత్వంతో ఘర్షణ ముదిరి, 1966 మార్చి 25న జగదల్‌పూర్‌లోని తన రాజప్రాసాదంలోనే పోలీసు కాల్పులలో మరణించారు. కొత్త రాజ్యాంగ వ్యవస్థలో పాత రాజులకు చోటు వెదుక్కోవడం ఎంత కష్టమో బస్తర్ చెబుతుంది. విజయనగరం రాజు ఆ చోటును శాసనసభలో కొంత, కళాశాలలో కొంత సంపాదించుకున్నారు. రెండవదే ఎక్కువ కాలం నిలిచింది.

కోట ఇచ్చినవాడు

1958 నవంబరు 12న ఆయన తండ్రి పేరుమీద మహారాజా అలక్ నారాయణ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్స్‌ను స్థాపించారు. క్లుప్తంగా ‘మాన్సాస్’. 1713లో కట్టిన విజయనగరం కోట, అందులోని కట్టడాలు, వంశానికి మిగిలిన భూములలో పెద్దభాగం ఈ సంస్థకు చెందాయి. పత్రికలలో తరచు కనిపించే అంచనా ప్రకారం భూమి పద్నాలుగు వేల ఎకరాలకు పైబడినది. అది విజయనగరం, విశాఖపట్టణం, పాత తూర్పు గోదావరి జిల్లాలలో విస్తరించి ఉన్నది. సింహాచలం అప్పన్న దేవస్థానం సహా నూరుకు పైగా ఆలయాల ధర్మకర్తృత్వం ఈ వంశానికే ఉన్నది. అది ట్రస్టు ఆస్తికి భిన్నమైన వ్యవహారం. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లనే తరువాతి వివాదాలలో చాలా గందరగోళం పుట్టింది.

కోరుకొండ మరొక ఉదాహరణ. రక్షణ శాఖ దేశవ్యాప్తంగా సైనిక్ స్కూళ్లు తెరుస్తున్నప్పుడు కోరుకొండ ప్యాలెస్‌ను, రెండు వందల ఎకరాలకు పైబడిన భూమిని ఆయన ఇచ్చారు. 1962 జనవరి 18న అక్కడ పాఠశాల ప్రారంభమైంది. ఆరు దశాబ్దాలు దాటినా అది అక్కడే, అదే పని చేస్తూ ఉన్నది. ఈ ఆస్తి ఎవరిదన్న తగాదా వినబడదు. ఇచ్చినది ఒక నిర్దిష్టమైన పనికి. తీసుకున్నది ఆ పని చేయగల సంస్థ. నడపడానికి అయ్యే ఖర్చుకు కూడా ఒక ఏర్పాటు ఉన్నది. ఈ మూడూ కుదిరిన దానం అదృష్టవంతమైన దానం.

ఇక్కడ ఒక అనుమానాన్ని ప్రస్తావించక తప్పదు. 1950వ దశకం చివర భూ గరిష్ఠ పరిమితిపై దేశంలో తీవ్రమైన చర్చ నడిచింది. 1959 జనవరిలో కాంగ్రెస్ నాగపూర్ మహాసభ ఆ దిశగా తీర్మానించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1961లో ఒకసారి, 1973లో మరింత గట్టిగా పరిమితి చట్టాలు వచ్చాయి. ధార్మిక, విద్యాసంస్థల భూములకు మినహాయింపులు లభించాయి. కాబట్టి జమీందారులు ట్రస్టులు పెట్టడం భూమిని కాపాడుకునే ఎత్తుగడ అన్న మాట ఆనాడూ వినవచ్చింది, ఈనాడూ వినవస్తున్నది. చాలా ట్రస్టుల విషయంలో ఇది నిజమే కావచ్చు. విజయనగరం విషయంలో మాత్రం ఒకటి గమనించాలి. తమ వంశానికి చిహ్నమైన కోటనే వదులుకున్నవారు దానిలో మళ్లీ కాపురం ఉండలేరు. ఆ కోటలో ఇప్పుడు తరగతి గదులు ఉన్నాయి. అయితే ట్రస్టు అధ్యక్ష పదవిని వంశంలోనే ఉంచడం ద్వారా, ఆస్తిని వదులుకున్నా దానిపై అజమాయిషీని వదులుకోలేదన్నది కూడా వాస్తవమే. తరువాతి చిక్కులన్నీ ఈ రెండవ వాస్తవం నుంచి పుట్టినవే.

దానంలో సగం, ఖజానాలో సగం

మాన్సాస్ వివాదాన్ని కుటుంబ కలహంగానో, రాజకీయ పక్షాల పోరుగానో చూపడం సులువు. దాని ఆర్థిక మూలాన్ని చూసేవారు తక్కువ. కళాశాలకు స్థలం, భవనం, పేరు దాత ఇచ్చాడు. అధ్యాపకుల జీతాలు ఎవరిస్తారు? ఎకరాల లెక్కన ఎంత ఘనంగా కనిపించినా, కౌలు మీద వచ్చే ఆదాయం వందలమంది సిబ్బంది జీతాలకు చాలదు. కౌలు బకాయిలు, ఆక్రమణలు, దశాబ్దాల వ్యాజ్యాలు దానిని మరింత తగ్గిస్తాయి. భూమిని అమ్మితే ట్రస్టు లక్ష్యం దెబ్బతింటుంది, అమ్మకపోతే నెల గడవదు. భూములు దండిగా ఉండి చేతిలో నగదు లేని పాత జమీందారీ ఇళ్ల సమస్యే, వాటి నుంచి పుట్టిన ట్రస్టులకూ సంక్రమించింది.

స్వాతంత్ర్యానంతరం ఈ లోటును పూరించినది ప్రభుత్వపు ఎయిడ్. దాత భవనం ఇస్తాడు, ప్రభుత్వం జీతం ఇస్తుంది, విద్యార్థి తక్కువ రుసుముతో చదువుకుంటాడు. ఆంధ్రదేశంలోని పాత ఎయిడెడ్ కళాశాలలన్నీ ఈ ఒడంబడిక మీదే నిలిచాయి. దాతగా తాను సగం ఇచ్చి, విద్యామంత్రిగా మిగతా సగం ఇచ్చే శాఖను కూడా నడిపిన అరుదైన వ్యక్తి పి.వి.జి. రాజు. ఆయన జీవితంలో దాతృత్వమూ రాజకీయమూ రెండు వేర్వేరు అధ్యాయాలు కావనడానికి ఇంతకంటే సాక్ష్యం అవసరం లేదు. ప్రభువు దయ మీద నడిచిన విద్యను ప్రభుత్వ బాధ్యతగా మార్చిన తరానికి చెందినవాడాయన.

ఆయన మరణించిన రెండేళ్లకు, 1997లో, మాన్సాస్ చింతలవలసలో ఇంజనీరింగ్ కళాశాలను నెలకొల్పి ఆయన పేరే పెట్టింది. ఎం.వి.జి.ఆర్. కళాశాల ఈ ప్రాంతంలో మంచి పేరు తెచ్చుకున్నది. కాని అది విద్యార్థుల రుసుముల మీద నడిచే సంస్థ. ఒకే ట్రస్టు కింద రెండు కాలాలు పక్కపక్కనే ఉన్నాయి: ప్రభుత్వ జీతాల మీద నిలిచిన మహారాజా కళాశాల, రుసుముల మీద నిలిచిన ఇంజనీరింగ్ కళాశాల. 2000వ దశకం చివర ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం వచ్చాక, బీద విద్యార్థుల పక్షాన ఆ రుసుములలోనూ పెద్దభాగం ఖజానా నుంచే రావలసి వచ్చింది. సొమ్ము చేరే దారి మారింది. అది సకాలంలో అందకపోతే కళాశాలలు ఇబ్బంది పడటం మాత్రం మారలేదు.

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ విద్యాసంస్థలు సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించాలని, లేదా ప్రైవేటు సంస్థలుగా నడుచుకోవాలని ప్రతిపాదించింది. రాష్ట్రమంతటా విద్యార్థులు, తల్లిదండ్రులు ఆందోళనకు దిగారు. నవంబరు నాటికి ఇది నిర్బంధం కాదని, సంస్థల ఇష్టమని ప్రభుత్వం వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. విజయనగరంలో ఈ సెగ అంతకు ముందే తగిలింది. మహారాజా కళాశాల ఎయిడెడ్ హోదాను వదులుకోవాలన్న ప్రతిపాదన 2020లోనే వివాదమైంది. ఇలాంటి ప్రతిపాదనలకు అర్థం ఒకటే. ఖజానా తన సగాన్ని వెనక్కి తీసుకుంటుంది. దాత ఇచ్చిన సగం ఒంటరిగా మిగులుతుంది. ఆ లోటును పూడ్చవలసినది విద్యార్థి తండ్రి.

అధ్యక్ష పీఠం మీద మూడు తరాలు

పి.వి.జి. రాజు తరువాత ఆయన పెద్ద కుమారుడు ఆనంద గజపతిరాజు ట్రస్టు బాధ్యతలు స్వీకరించారు. ఎన్.టి. రామారావు మంత్రివర్గంలో విద్యామంత్రిగా, ఆ తరువాత కాంగ్రెస్ పక్షాన బొబ్బిలి నుంచి లోక్‌సభ సభ్యుడిగా పనిచేసినవారు. 2016 మార్చిలో ఆయన మరణించాక తమ్ముడు అశోక్ గజపతిరాజు అధ్యక్షుడయ్యారు. 1978లో జనతా పార్టీ తరఫున తొలిసారి శాసనసభకు గెలిచి, తెలుగుదేశం స్థాపన నుంచి ఆ పార్టీలోనే ఉంటూ, రాష్ట్ర ఆర్థికమంత్రిగా, 2014 నుంచి 2018 వరకు కేంద్ర పౌర విమానయాన మంత్రిగా పనిచేసిన నాయకుడు. ఒకే ఇంట్లో తండ్రి సోషలిస్టు, ఆపై కాంగ్రెస్. పెద్ద కుమారుడు తెలుగుదేశం, ఆపై కాంగ్రెస్. చిన్న కుమారుడు జనతా, ఆపై తెలుగుదేశం. పార్టీ మారడం ఈ ఇంట కొత్త కాదు. ఎవరు ఏ పార్టీలో ఉన్నా ట్రస్టు జోలికి రాష్ట్ర ప్రభుత్వాలు పెద్దగా పోలేదు.

2020 మార్చిలో ఆ అలిఖిత మర్యాద ముగిసింది. వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వం అశోక్ గజపతిరాజు స్థానంలో ఆయన అన్నగారి కుమార్తె సంచయిత గజపతిరాజును మాన్సాస్ అధ్యక్షురాలిగా నియమించింది. సింహాచలం దేవస్థానం పాలకమండలి అధ్యక్షత కూడా ఆమెకు దక్కింది. అశోక్ హైకోర్టుకు వెళ్లారు. 2021 జూన్ 14న ఆ నియామక ఉత్తర్వులను కోర్టు కొట్టివేసింది. ఆయన తిరిగి అధ్యక్షుడయ్యారు. అటుపైన డివిజన్ బెంచి కూడా ఆ తీర్పునే సమర్థించింది.

వ్యాజ్యంలో ఇరుపక్షాల వాదనలు ఆలోచింపదగినవే. వంశంలో పెద్దవాడైన పురుషుడికే అధ్యక్షత అన్నది ఒక పక్షం. ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఉన్న కాలంలో ధర్మకర్తృత్వానికి మాత్రం మగవాడే ఎందుకు కావాలన్నది మరొక పక్షం. రెండవ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. తానే వేయవలసిన ఆ ప్రశ్నను, ప్రతిపక్ష నాయకుడిని పదవి నుంచి దించడానికి ఒక ప్రభుత్వం సాధనంగా వాడుకున్నట్లు కనిపించడం దాని దురదృష్టం. స్త్రీ హక్కు కోసమే ఈ మార్పు అని నమ్మాలంటే, మిగతా వంశపారంపర్య ధర్మకర్తృత్వాల విషయంలోనూ ప్రభుత్వం అదే ఉత్సాహం చూపి ఉండవలసింది.

చట్టం మాట చెప్పాలంటే, 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ ధర్మాదాయ చట్టం వంశపారంపర్య ధర్మకర్తృత్వ హక్కులను రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థిస్తూనే, స్థాపకుడి కుటుంబ సభ్యుడికి పాలకమండలి అధ్యక్షతలో స్థానం ఉండాలన్న అర్థాన్ని చట్టానికి చెప్పింది. అంటే వంశానికి ఆస్తిపై హక్కు లేదు, బాధ్యతలో చోటు ఉన్నది. ఆ వంశంలో ఎవరికి అన్న ప్రశ్న దగ్గరే ప్రభుత్వాలకు వేలు పెట్టడానికి సందు దొరికింది. 1958లో దస్తావేజు రాసిన రోజున దీనిని ఎవరూ ఊహించి ఉండరు. మూడవ తరం నాటికి వంశం రెండు మూడు శాఖలవుతుందని, వాటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క రాజకీయ పక్షానికి దగ్గరవుతుందని దూరదృష్టితో రాసిన ట్రస్టు పత్రాలు మన రాష్ట్రంలో చాలా అరుదు.

ఈ పోరాటం నడిమధ్య నష్టపోయినది ఎవరు? 2021 జులైలో ట్రస్టు విద్యాసంస్థల సిబ్బంది జీతాలు అందలేదంటూ రోడ్డెక్కారు. అధ్యక్ష పీఠం ఎవరిదన్న తీర్పు వెలువడి అప్పటికి నెల రోజులైంది. పద్నాలుగు వేల ఎకరాల సంస్థలో నెల జీతం సమస్య కావడం చూసినవారికి వింతగా తోచవచ్చు. పైన చెప్పిన లెక్క తెలిసినవారికి వింత కాదు.

రాయపూర్, విజయనగరం

ఈ రెండు ఊళ్ల అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కల్యాణ్ సింగ్ దానం ప్రభుత్వం చేతిలో పడింది. దాని ప్రయోజనాన్ని ప్రభుత్వం తన వీలును బట్టి మార్చగలిగింది, తిరిగి వైద్యానికి మళ్లించగలిగింది. వివాదం లేదు, కోర్టు లేదు, జీతాల బెంగ లేదు. అదే సమయంలో అడిగేవారూ లేరు. పి.వి.జి. రాజు దానం ట్రస్టు చేతిలో ఉన్నది. కోట కోటగానే, కళాశాల కళాశాలగానే మిగిలింది. దానిని కార్యాలయంగా మార్చే సాహసం ఏ ప్రభుత్వమూ చేయలేదు. కాని అధ్యక్ష పీఠం కోసం పోరు, సిబ్బంది అవస్థ, భూముల మీద కన్ను అక్కడ తప్పలేదు.

ఏది మేలు అని అడిగితే, ఈ రచయిత మొగ్గు ట్రస్టు వైపే. ఆసుపత్రిని సచివాలయం చేసినప్పుడు ఒక ధర్మకర్తల మండలి ఉండి ఉంటే, కనీసం అద్దె ఎంత, ఎప్పుడు ఖాళీ చేస్తారు అని అడిగి ఉండేది. ఆ ప్రశ్న అడగగల హక్కుకు ఒక విలువ ఉన్నది. అయితే ఆ హక్కు ఒకే ఇంటికి పరిమితమైతే, ఆ ఇంటి రాజకీయాలు మారినప్పుడల్లా సంస్థ కంపించక తప్పదు. పూర్వ విద్యార్థులు, అధ్యాపకులు, విశ్వవిద్యాలయ ప్రతినిధులు పాలకమండలిలో గట్టిగా ఉండి, ఏటా జమాఖర్చులు బహిరంగంగా ప్రకటిస్తే, అధ్యక్షుడు వంశంలో ఎవరన్నది అంత పెద్ద విషయం కాకుండా పోతుంది. సర్వే నంబర్లతో సహా భూముల జాబితా ప్రజల ముందు ఉంచడం ఆక్రమణదారులను అడ్డుకోవడానికి సగం మందు. విశాఖకు, విజయనగరానికి మధ్య భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయం వెలుస్తున్న నేపథ్యంలో, చుట్టుపక్కల భూముల ధరలు పాత దస్తావేజులు రాసినవారి ఊహకు కూడా అందనివి. ఎకరం విలువ పెరిగేకొద్దీ ట్రస్టు మీద ప్రేమ కనబరిచేవారి సంఖ్యా పెరుగుతుంది.

రాజకీయంగా పూసపాటి వంశం ఇప్పుడు మళ్లీ అధికార పక్షంలో ఉన్నది. 2024 ఎన్నికలలో అశోక్ కుమార్తె అదితి గజపతిరాజు విజయనగరం నుంచి తెలుగుదేశం అభ్యర్థిగా శాసనసభకు ఎన్నికయ్యారు. 2025 జులైలో అశోక్ గజపతిరాజు గోవా గవర్నరుగా ప్రమాణం చేశారు. అధికారం అనుకూలంగా ఉన్న ఈ సమయమే సంస్కరణకు అనువైనది. ప్రతికూల ప్రభుత్వం చేసే సంస్కరణ కక్షగా కనిపిస్తుంది, 2020లో కనిపించినట్లే. తమంతట తాముగా ట్రస్టు నియమావళిని విస్తృతపరిస్తే ఆ మాట అనగలిగేవారు ఉండరు.

ఇక ఖజానా సగం సంగతి. ఎయిడెడ్ అధ్యాపక పదవుల భర్తీ రాష్ట్రంలో దాదాపు రెండు దశాబ్దాలుగా స్తంభించి ఉన్నది. పదవీ విరమణ చేసినవారి స్థానాలలో తాత్కాలిక సిబ్బందితో, ట్రస్టు ఇవ్వగలిగినంత జీతంతో బోధన సాగుతున్నది. ఎయిడ్‌ను ఎత్తివేస్తామన్న ఉత్తర్వు అవసరం లేకుండానే ఇలా ఎయిడ్ కరిగిపోతున్నది. పి.వి.జి. రాజు ఒకప్పుడు కూర్చున్న విద్యాశాఖ మంత్రి గదికి, ఆయన ఇచ్చిన కోటలోని కళాశాల నుంచి ఖాళీ పదవుల జాబితా ఏటా వెళుతూనే ఉంటుంది. దానికి జవాబు రావలసి ఉన్నది.